దొరగారి కీళ్ల బిళ్లలు

లిఫ్టు మెకానిక్కు ఇల్లు మూడో అంతస్తులో ఉండి, ఆ బిల్డింగుకి లిఫ్టు లేకపోతే ఎలా ఉంటుందో నన్నడగండి. ఊళ్లో వాళ్లందరినీ పైకీ కిందికీ తిప్పడం నా ఉద్యోగం. నేను మాత్రం పనిముట్ల సంచీ భుజానేసుకుని రోజూ మెట్లెక్కాలి. పక్కింటాయన కనిపించినప్పుడల్లా "ఏమండీ, మన బిల్డింగుకి లిఫ్టు ఎప్పుడు పెడుతున్నారు?" అని పళ్లికిలిస్తాడు. మొదట్లో నేనూ నవ్వేవాణ్ణి. ఇప్పుడు పైకి చేరేసరికి నవ్వడానిక్కూడా ఊపిరి మిగలడం లేదు.

ఆ రోజు ఒక ఆఫీసు లిఫ్టు పొద్దున్నుంచీ నా ప్రాణం తోడేసింది. బాగుచేసి వదిలితే రెండుసార్లు బుద్ధిగా తిరగడం, మూడోసారి మధ్యలో ఆగి మొండికెయ్యడం. లిఫ్టు అడుగున ఉండే గుంతలో వంగి వంగి నా నడుం పట్టేసింది. ఎలాగో చచ్చీ చెడీ దాన్ని దారికి తెచ్చి, సాయంత్రం కాస్త పెందలాడే ఇల్లు చేరాను. ఓ కప్పు టీ తాగి మంచమెక్కాలి. అంతకుమించి ఈ జన్మలో నాకు వేరే కోరిక లేదు.

తలుపు తీస్తే దొర ఎదురురాలేదు.

దొర మా కుక్క. పిల్లగా ఉన్నప్పుడు ఒక పాత బిల్డింగు లిఫ్టు గుంతలో పడి ఏడుస్తుంటే నేనే పైకి తీసి చొక్కాలో పెట్టుకుని తెచ్చాను. గుంతలో దొరికినవాడికి దొర అని పేరేమిటని నేనంటే, మా అత్తయ్య ఒప్పుకోలేదు. "ఒక్క పని చెయ్యడు. వేళకి అన్నీ ముందుకి రావాలి. వచ్చాక, ఇంతేనా అన్నట్టు చూస్తాడు. దొర కాక మరెవరు?" అన్నారు. ఆ మాట నిజమే. ఇప్పుడు దొరకి ముసలితనం వచ్చింది. వెనక కాళ్ల కీళ్లు అరిగిపోయాయి. పోయిన చలికాలంలో ఒకరోజు నీళ్ల గిన్నె దగ్గర కూర్చోబోయి, ఒక్క క్షణం తటపటాయించి ఆగాడు. అంతే, నాకు తెలిసిపోయింది. మర్నాడే ఎత్తుకుని డాక్టరు దగ్గరికి పరిగెత్తాను. అరిగిన కీలు నా కంట పడకుండా తప్పించుకోలేదు, అది యంత్రానిదైనా సరే, కుక్కదైనా సరే.

డాక్టరమ్మ కీళ్ల బిళ్లలు రాసింది. రోజుకి రెండు, నమిలి తినేవి. వేళకి తీసి పెట్టేది అత్తయ్యే. కాల్చిన మాంసం వాసన కొడతాయి కాబట్టి వాటిని దొర మందనుకోడు, మర్యాద అనుకుంటాడు. అవి మొదలెట్టాక నెమ్మదిగా మెట్లెక్కగలుగుతున్నాడు. దిగేటప్పుడు మాత్రం బోర్లాపడతాడేమోనని నేనే ఎత్తుకుంటాను. ఈ మోత నా ఉద్యోగంలో లేదు కానీ నా ఖర్మలో ఉంది.

ఇంట్లో దొర కాక మేం ముగ్గురం. నేను, నా భార్య, ఆవిడ తల్లి. అత్తయ్య మా పెళ్లయిన కొత్తలోనే మా దగ్గరికి వచ్చేశారు. ఇన్నేళ్లలో నేనింట్లో ఉండగా ఆవిడ కాళ్లు చాపుకుని కూర్చోవడం నేను చూడలేదు. నేను గదిలోకొస్తే లేచి నిలబడతారు. "కూర్చోండి అత్తయ్యా" అంటే "పర్లేదండీ" అంటారు. ఒకే గిన్నెలో వండిన అన్నం తింటున్నా, ఆవిడ లెక్కలో అల్లుడంటే నిన్ననే వచ్చిన చుట్టం. మొదట్లో చెప్పి చూశాను. తర్వాత విసుగొచ్చి ఊరుకున్నాను.

సరే, దొర ఎదురురాలేదన్నాను కదా. వంటింట్లోంచి ప్లాస్టిక్కు నములుతున్న చప్పుడు వస్తోంది. వెళ్లి చూస్తే నేల మీద బోర్లా పడుకుని, ముందుకాళ్ల మధ్య బిళ్లల డబ్బా పెట్టుకుని దాని మూతి కొరుకుతున్నాడు. లోపల ఒక్క బిళ్ల లేదు. నన్ను చూసి తోక ఒకసారి నేలకి కొట్టాడు. తప్పు చేశానన్న బెంగ లేదు సరికదా, ఇంకో డబ్బా తెచ్చావా అన్నట్టు చూపు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మూత పొయ్యి గట్టు కింద పడి ఉంది. దాని మీద ఒక్క పంటిగాటు కూడా లేదు. అంటే దొర కొరికి ఊడదీసింది కాదు. ఎవరో సరిగా బిగించకుండా వదిలేశారు.

"ఈ మూత ఎవరు పెట్టారు?" అని అరిచాను.

అత్తయ్య వంటింటి గుమ్మంలో ద్వారబంధం పట్టుకుని నిలబడి ఉన్నారు. మొహం పాలిపోయింది. "నాకు కాస్త కునుకు పట్టిందండీ. చప్పుడు విని ఇప్పుడే వస్తున్నాను" అన్నారు.

"నొక్కి తిప్పాలి, నొక్కి తిప్పాలి అని చిలక్కి చెప్పినట్టు చెప్పానే! ఈ ఇంట్లో నా మాట వినేవాళ్లెవరు?"

వాడు మింగిందంతా ఎలాగైనా కక్కించాలని గ్లాసుడు నీళ్లలో ఇంత ఉప్పు పోసి కలిపాను. ఒక చేత్తో కలుపుతూనే ఇంకో చేత్తో నా భార్యకి ఫోను చేశాను. ఆవిడ ఒక పళ్ల డాక్టరు దగ్గర ఫోన్లెత్తి, వచ్చినవాళ్లకి వేళలు చెప్పే ఉద్యోగం చేస్తుంది. పన్ను నొప్పితో అరిచేవాళ్లతో మాట్లాడి మాట్లాడి ఆవిడకి ఇప్పుడు ఏ అరుపుకీ చీమ కుట్టదు.

"ఏం తిన్నాడు? ఎంత తిన్నాడు? మీ చేతిలో ఏముంది?" అంది.

"ఉప్పునీళ్లు."

"ముందు ఆ గ్లాసు కింద పెట్టండి. పెట్టారా? ఇప్పుడు డాక్టరమ్మకి ఫోన్ చెయ్యండి. నా మీద నేనింటికొచ్చాక అరుద్దురుగాని." ఫోను పెట్టేసింది.

డాక్టరమ్మ కూడా అదే మాట అంది, ఇంకాస్త గట్టిగా. "ఉప్పునీళ్లు పట్టారా? లేదుగా? బతికించారు. కుక్కకి ఉప్పు ఎక్కువైతే అదే విషం. మీ అంతట మీరు వాంతి చేయించకండి. తిండి పెట్టకండి, నీళ్లు తాగితే తాగనివ్వండి. ఎన్ని తిన్నాడు?"

"డబ్బా మొన్ననే తెరిచానండీ. నిండుగానే ఉండాలి. ఇప్పుడు ఖాళీ."

అవతల ఒక నిట్టూర్పు వినిపించింది. "నాలుగైదు ఎక్కువ తింటే కడుపు పాడవుతుంది, అంతే. డబ్బాడంటే లివర్ దెబ్బతినొచ్చు. ఆ డబ్బా ముక్కలతో సహా ఏరుకుని వెంటనే రండి. అందులో ఏమేం కలిపారో చదవాలి."

డబ్బా జేబులో కుక్కుకుని దొరని ఎత్తుకున్నాను. వీడి బరువుకి పట్టేసిన నడుం కలుక్కుమంది. గోరుచుట్టు మీద రోకటిపోటు. గుమ్మం దాటుతుంటే వెనకనుంచి అత్తయ్య "నేనూ వస్తానండీ" అన్నారు.

"మీరెందుకండీ ఇప్పుడు?"

"వస్తాను" అన్నారు మళ్లీ. ఆవిడ ఒకే మాట నాతో రెండుసార్లు అనడం అదే మొదలు. వాదించే ఓపిక లేక సరేనన్నాను.

ఆవిడ కిందికి దిగి ఎన్నాళ్లయిందో నాకు గుర్తులేదు. కూరలు నా భార్యే తెస్తుంది. పాలు నేను తెస్తాను. అత్తయ్యకి బయట తిరగడం ఇష్టం లేదని మేమిద్దరం ఎప్పుడో తీర్మానించేసుకున్నాం. నేను చకచకా దిగి, దొరని కంపెనీ వ్యాను వెనక సీట్లో పడుకోబెట్టి, మళ్లీ మెట్ల దగ్గరికొచ్చి పైకి చూశాను. ఆవిడ ఇంకా రెండో అంతస్తు మలుపు దగ్గరే ఉన్నారు. ఇనప కమ్మీని రెండు చేతులా పట్టుకుని, పక్కకి తిరిగి, ఒక కాలు దించి, దాని పక్కకి రెండో కాలు తెచ్చి ఆగుతున్నారు. మళ్లీ ఒక మెట్టు. నోట్లోంచి ఒక్క శబ్దం రావడం లేదు. "అక్కడ వాడి ప్రాణం పోతుంటే ఈవిడ పెళ్లినడకలేమిటి!" అని లోపల్లోపల తిట్టుకున్నాను. దగ్గరికొచ్చాక చూస్తే ఆవిడ పై పెదవి మీద చెమట పట్టి ఉంది. దొర గురించి కంగారు కాబోలు అనుకున్నాను.

ఆసుపత్రిలో మాకంటే ముందు బుట్టలో పిల్లిని పెట్టుకుని ఒకాయన ఉన్నాడు. డాక్టరమ్మ ఆయన్ని ఆగమని మమ్మల్ని లోపలికి పిలిచింది. ఆవిడ మొహం చూస్తే ఆవిడ కూడా పొద్దున్నుంచీ ఏదో గుంతలోనే ఉన్నట్టుంది. దొరని బల్ల మీద పెట్టి, చిగుళ్లు చూసి, పొట్ట నొక్కి, డబ్బా మీది కాగితం ముక్కలు పక్కపక్కన పేర్చి చదివింది.

"కుక్కలకి పడని తీపిమందు ఇందులో లేదు. ఎక్కువైతే విషమయ్యే విటమిన్ డి కూడా లేదు. అదొక అదృష్టం" అంది. తర్వాత గొట్టం పెట్టి గుండె వింది. చాలాసేపు వింది. గొట్టం తీసి మెళ్లో వేసుకుని నా వైపు తిరిగింది.

"గుండెలో చప్పుడు పోయినసారి కంటే ఎక్కువైంది. ఇప్పుడు ఒకటే ప్రశ్న. నిండు డబ్బా తిన్నాడంటే వాంతి చేయించక తప్పదు. దానికి ఇంజెక్షన్ ఇవ్వాలి. ఆ వాంతుల్ని ఈ గుండె తట్టుకోవచ్చు, తట్టుకోకపోవచ్చు. ఇవ్వకపోతే లివర్ మీద ఆశ వదులుకోవాలి. కాస్తే తిన్నాడంటే మాత్రం ఆ కష్టం పెట్టక్కర్లేదు. బాగా ఆలోచించి చెప్పండి, డబ్బాలో ఎన్నున్నాయి?"

"నిండుగానే ఉందండీ. మొన్ననే తెరిచాను" అన్నాను. దొర బల్ల మీంచి నా మోచేతిని నాకాడు. లిఫ్టు గుంతలోంచి పైకి తీసినప్పుడు కూడా వాడు అక్కడే నాకాడు. నాకు ఏడుపొచ్చింది. "ఇచ్చెయ్యండి" అన్నాను.

డాక్టరమ్మ అలమారు తీసి, సూదిలోకి మందు ఎక్కించడం మొదలెట్టింది.

"ఆగండమ్మా."

అత్తయ్య గోడకి ఆనుకుని నిలబడి ఉన్నారు. పక్కనే ఖాళీ కుర్చీ ఉంది. నేను నిలబడి ఉన్నానని కూర్చోలేదు. "డబ్బా నిండా లేదమ్మా" అన్నారు.

"మొన్ననే కదండీ తెరిచింది?" అన్నాను.

"తెరిచారు. కానీ నిండా లేదు. అడుక్కి వచ్చేసింది. ఇవాళ మధ్యాహ్నం చూశాను, పదో పన్నెండో ఉన్నాయి."

"మరి మిగతావి ఏమైపోయాయి?"

ఆవిడ నా వైపు చూడలేదు. దొర వైపు చూశారు. చీర కొంగు చివర వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ, "నేను వేసుకున్నాను" అన్నారు.

డాక్టరమ్మ చేతిలో సూది ఆగిపోయింది. "వేసుకున్నారంటే?"

"మింగానమ్మా. మోకాళ్లకి."

బయట బుట్టలో పిల్లి అరిచింది.

"రోజుకి ఎన్ని?" అని డాక్టరమ్మ మెల్లగా అడిగింది.

"డబ్బా మీద ఉందిగా, కుక్క బరువుని బట్టి అని. దొర వరసలో రెండు. నేను వాడికంటే బరువు కదా." ఆవిడ గొంతు ఇంకా తగ్గింది. "అన్నిటికంటే కింద ఉంటుంది చూడండి, బాగా పెద్ద కుక్కలకని. ఆ వరసలో చూసి వేసుకున్నాను."

డాక్టరమ్మ గబుక్కున అలమారు వైపు తిరిగి, అక్కడ సర్దడానికేమీ లేకపోయినా రెండు సీసాలు అటూ ఇటూ జరిపింది. నాకు లోపలనుంచి నవ్వొకటి, కోపమొకటి కలిసి తోసుకొచ్చాయి. ఒకేసారి లిఫ్టు తలుపులో దూరబోయిన ఇద్దరు లావుపాటి మనుషుల్లా రెండూ గొంతులోనే ఇరుక్కుపోయాయి.

"దొర మళ్లీ మెట్లెక్కుతుంటే చూశానమ్మా. వాడికి పనిచేసింది, నాకెందుకు పనిచెయ్యదు అనుకున్నాను" అన్నారు అత్తయ్య. "ఈమధ్య వేళ్లు కూడా పట్టేస్తున్నాయి. ఆ మూత నొక్కితే తిరగదు, తిప్పితే నొక్కలేను. ఇవాళ ఊరికే పైన ఆనించి వచ్చి పడుకున్నాను. తప్పు నాదే. వాడికేమన్నా అయితే..." కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

డాక్టరమ్మ సూది పక్కన పెట్టేసింది. "ఏమీ కాదు. మీరు చెప్పకపోతే అయ్యేదేమో. పదీ పన్నెండూ అంటే కడుపు పాడుచేసే లెక్కే కానీ ప్రాణం తీసే లెక్క కాదు" అంది. దొర మెడ వెనక చర్మం కింద సెలైను ఎక్కించింది. రెండు రోజులు విరేచనాలవుతాయనీ, నీళ్లు తాగినన్ని పెట్టమనీ, వాంతులు ఆగకపోయినా కళ్లు పచ్చబడినా పరిగెత్తుకుని రమ్మనీ, ఎల్లుండి రక్తపరీక్ష చేద్దామనీ చెప్పింది. చివర్లో అత్తయ్య చెయ్యి పట్టుకుని వేళ్ల కణుపులు చూసింది. "ఇవి చూడాల్సింది నేను కాదమ్మా, మనుషుల డాక్టరు. ఆయనకి ఈ బిళ్లల సంగతి కూడా చెప్పండి. సిగ్గుపడి దాచకండి. నవ్వితే నవ్వుతాడు" అంది.

వ్యాను కదిలేదాకా ఓపిక పట్టాను. వీధి మలుపు తిరగ్గానే నా నోరు ఆగలేదు. వాడు బతికాడన్న ధైర్యం వచ్చాక, ఇందాకటి భయమంతా కోపమై కూర్చుంది.

"ఒక్క మాట చెప్పచ్చుగా అత్తయ్యా! కాళ్లు నొప్పులని ఒక్క మాట! నోరుందిగా!"

ఆవిడ వెనక సీట్లో దొర తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.

"దొరకి నోరుందా అల్లుడు గారూ?"

నేను అద్దంలోంచి వెనక సీటు వైపు చూశాను.

"వాడు కుంటుతున్నాడని మీకెవరు చెప్పారు? మీరే చూశారు." ఆవిడ మాటలో నిష్ఠూరం ఉంటే బాగుండేది, పోట్లాడేవాణ్ణి. అలసట తప్ప ఏమీ లేదు. "మీ మీద నాకు కోపం లేదు. రోజంతా ఒళ్లు హూనం చేసుకుని వస్తారు. అమ్మాయీ అంతే. వచ్చాక నా నొప్పులు కూడా ఏం వడ్డిస్తాను? కానీ ఆ రోజు వాడు గిన్నె దగ్గర ఒక్కసారి ఆగాడని ఎత్తుకుని పరిగెత్తారు చూడండీ... నేను గుమ్మం పట్టుకుని నిలబడి చూశాను. కుక్కనై పుట్టినా బాగుండేది అనిపించింది." ఆవిడ తనలో తనే చిన్నగా నవ్వుకున్నారు. "చివరికి వాడి బిళ్లలే తిన్నాను."

ఎదురుగా ఎర్రదీపం పడింది. నేను గుర్తుచేసుకోవడం మొదలెట్టాను, గుర్తుచేసుకోనక్కర్లేనంత కళ్లముందున్నవే. అత్తయ్య గుమ్మం పట్టుకుని నిలబడేవారు. బల్ల అంచు పట్టుకుని లేచేవారు. పాత్రలు తోముతూ మధ్యలో గట్టు మీద మోచేతులానించి ఆగేవారు. నేనొచ్చినప్పుడల్లా లేచి నిలబడేవారు. రోజుకి ఎన్నిసార్లు లేచారో, ఒక్కోసారీ ఎంత నొప్పో. మర్యాద కదా అనుకుని నేను కుర్చీలో వాలిపోయేవాణ్ణి. వెనకనుంచి హారన్లు మోగాయి. పచ్చదీపం ఎప్పుడో పడిందట.

బిల్డింగు ముందు వ్యాను ఆపేసరికి నా భార్య ఫోను చేసింది. "ఎలా ఉంది?" అంది.

"ఇద్దరూ బాగానే ఉన్నారు. రేపు మీ అమ్మకి కీళ్ల డాక్టరు దగ్గర వేళ ఇప్పించు. పొద్దున్నకే."

"అమ్మకా? అమ్మకేమైంది?"

"ఇంటికి రా, చెప్తాను. పక్కనే ఉన్నా మనిద్దరికీ తెలియలేదు" అన్నాను.

దొరని ఎత్తుకుందామని వంగాను. వాడు నా చేతులు తప్పించుకుని మెల్లగా జారి దిగి, తనంతట తనే మెట్ల దగ్గరికి నడిచాడు. ఎక్కడం వాడికిప్పుడు వచ్చు. నేను వెనక్కొచ్చి అత్తయ్యకి మోచెయ్యి ఇచ్చాను.

"వద్దండీ. కమ్మీ ఉందిగా" అన్నారు.

"కమ్మీ ఎక్కడికీ పోదు. పట్టుకోండి."

కాలే గిన్నె పట్టుకున్నట్టు రెండు వేళ్లతో పట్టుకున్నారు. రెండు మెట్లదాకా అంతే. మూడో మెట్టు మీద మోకాలు మొరాయించింది. పూర్తి బరువు నా చేతిమీద పడింది. నా నడుం మళ్లీ కలుక్కుమంది. ఇంత బరువునీ ఇందాక దిగేటప్పుడు ఆ తుప్పు కమ్మీ ఒక్కటే మోసింది.

"అబ్బా!" అన్నారు అత్తయ్య. వెంటనే ఉలిక్కిపడి, నోటిమీద చెయ్యి పెట్టుకుని నా మొహంలోకి చూశారు. నా ముందు ఆవిడ నొప్పితో మూలగడం అదే మొదటిసారి.

"గట్టిగానే అనండి. నేను పొద్దున్నుంచీ అంటూనే ఉన్నాను, నా నడుం సంగతి మీకేం తెలుసు?" అన్నాను.

ఆవిడకి నవ్వొచ్చింది. ఆ తర్వాత మెట్టుకొక "అబ్బా" అనుకుంటూ ఎక్కాం, ఒకటి ఆవిడది, ఒకటి నాది. పక్కింటాయన పైనుంచి దిగుతూ మమ్మల్ని చూశాడు. లిఫ్టు మాట ఎత్తబోయి ఎందుకో మానుకుని, గోడకి ఒదిగి దారిచ్చాడు. పై మలుపులో దొర నాలిక వేలాడేసుకుని, మీరింకా రాలేదా అన్నట్టు కిందికి చూస్తున్నాడు.

రెండో అంతస్తు మలుపు దగ్గర అత్తయ్య ఆగారు. నా చెయ్యి వదిలి, గోడ పట్టుకుని, నన్నేమీ అడక్కుండా మెట్టు మీద కూర్చున్నారు. తర్వాత రెండు కాళ్లూ నెమ్మదిగా ముందుకి చాపుకున్నారు. దొర ఒక్కో మెట్టే ఆచితూచి దిగొచ్చి ఆ కాళ్ల పక్కన చతికిలపడ్డాడు.

ఆవిడ లేచేదాకా నేను నిలబడే ఉన్నాను.